“ఆ తల్లికి ఎవరైనా చెప్పండర్రా”: సీరియళ్లలో గే పాత్రలు, పుట్టుక ప్రశ్న

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, ఫర్వాలేదు.

నేను ఈ సాయంత్రం రెండు విషయాలు మాట్లాడదామనుకున్నాను. టీవీ సీరియళ్లలోకి గే పాత్రలు ఎలా వచ్చాయన్నది ఒకటి. మగవాడికి మగవాడి మీద, ఆడపిల్లకి ఆడపిల్ల మీద మనసు పోవడం పుట్టుకతో వచ్చేదా అన్నది రెండోది. ఈ రెండిటికీ ఏమిటి సంబంధం అంటారా? నాకు ఆ రెండూ ఒకే గదిలో, ఒకే టీవీ ముందు ఎదురయ్యాయి. అందుకని విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

నేను 1984లో పెళ్లయి బర్మింగ్‌హామ్ వెళ్లాను. తెనాలిలో బీఎస్సీ చదివాను, ఇంగ్లీషు చదవగలను, రాయగలను. కానీ అక్కడ పక్కింటావిడ గోడ మీద నుంచి పలకరిస్తే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో బీబీసీలో ఈస్ట్‌ఎండర్స్ అనే సీరియల్ మొదలైంది. లండన్ తూర్పు వైపున ఒక ఊహా పేట, అందులో ఒక సంత, ఒక తాగుడు దుకాణం, చుట్టూ ఇళ్లు. ఆ ఇళ్లలో వాళ్ల కథ. వారానికి రెండు సాయంత్రాలు వచ్చేది. నేను మాట్లాడే ఇంగ్లీషు ఆ సీరియల్ నేర్పిందే. ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారు, కోపమొస్తే ఏమంటారు, అప్పు అడగాలంటే ఎలా మొదలుపెడతారు, అన్నీ అక్కడే నేర్చుకున్నాను.

1986లో ఆ పేటకి కోలిన్ అనే కొత్త మనిషి వచ్చాడు. చదువుకున్నవాడు, మెత్తనివాడు, డిజైనింగ్ పని చేసుకునేవాడు. కొన్నాళ్లకి తెలిసింది, అతను గే అని. అతనికి బారీ అనే కుర్రాడితో స్నేహం కుదిరింది, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. 1987లో ఒక ఎపిసోడ్‌లో కోలిన్ బారీ నుదుటి మీద ముద్దు పెట్టాడు. నుదుటి మీద, అమ్మా. మనం బడికెళ్లే పిల్లాడికి పెట్టినట్టు. బ్రిటిష్ సీరియళ్లలో ఒక మగవాడు ఇంకో మగవాణ్ణి అలా ముద్దుపెట్టుకోవడం అదే మొదటిసారి. మర్నాడు పేపర్లు గగ్గోలు పెట్టాయి. సన్ అనే పేపరు ఆ సీరియల్ పేరునే ఒక బూతుమాటగా తిప్పి రాసింది. కోలిన్ వేషం వేసిన మైఖేల్ కాష్‌మన్ నిజజీవితంలోనూ గే. ఆయన ఇంటి కిటికీ మీద ఇటుక విసిరారు.

అప్పటి చట్టం ఏమిటో కూడా చెప్పాలి. ఇంగ్లండులో 1967 దాకా ఇద్దరు మగవాళ్ల మధ్య సంబంధం నేరం. 67లో చట్టం సడలించారు గానీ ఇద్దరికీ 21 ఏళ్లు నిండాలన్నారు. ఆడామగా అయితే 16 చాలు. సీరియల్‌లో బారీకి ఇంకా 21 నిండలేదు. అంటే ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కాఫీ తాగుతూ కూర్చున్నా, తలుపు కొట్టింది పోలీసేమోనని భయం. ఆ భయాన్ని సీరియల్ దాచలేదు, కథలోనే పెట్టింది. మాకు, అంటే వలస వచ్చినవాళ్లకి, తలుపు చప్పుడంటే భయం తెలుసు. బహుశా అందుకేనేమో నాకు కోలిన్ మీద అసహ్యం కలగలేదు. ఏం కలిగిందో అప్పట్లో నాకూ పేరు తెలియదు.

నేను అప్పటికి ఒక ఆసుపత్రి రక్తపరీక్షల ల్యాబ్‌లో చేరాను. నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన ఉండేవారు. పేరు చెప్పను. స్లైడు మీద రక్తం పలచగా ఎలా పరచాలో నా చెయ్యి పట్టుకుని నేర్పారు. సోమవారం పొద్దున టీ గదిలో అందరూ వారాంతం ఎలా గడిచిందో చెప్పుకునేవాళ్లు. మా ఆవిడ ఇలా అంది, మావాడు అలా చేశాడు అని. ఆయన మాత్రం “తోటపని చేశాను” అనేవారు. ఏళ్ల తరబడి ప్రతి సోమవారం తోటపనే. ఆ ఎపిసోడ్ వచ్చిన వారం టీ గదిలో ఒకావిడ చాలా చెడ్డమాట అంది. నేను ఇక్కడ అనలేను. అందరూ నవ్వారు. ఆయన లేచి, కప్పు కడిగి, బోర్లించి, తలుపు మెల్లగా వేసి వెళ్లిపోయారు. నేను ఏమీ అనలేదు. నవ్వలేదు, కానీ ఏమీ అనలేదు. ఆ కప్పు బోర్లించిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

1988 మేలో బ్రిటన్‌లో సెక్షన్ 28 అనే చట్టం అమల్లోకి వచ్చింది. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమని “ప్రోత్సహించకూడదు”, అదీ ఒక కుటుంబమే అన్నట్టు బళ్లలో చెప్పకూడదు, ఇదీ దాని సారాంశం. ఆ “ప్రోత్సహించడం” అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. చూస్తే నేర్చుకుంటారు, వింటే అంటుకుంటుంది, ఇది పుట్టుక కాదు, ఒక అలవాటు అనే నమ్మకం. చూశారా, సీరియల్ గొడవా పుట్టుక గొడవా ఎలా ముడిపడి ఉన్నాయో? టీవీలో ముద్దు చూపిస్తే పిల్లలు పాడైపోతారనేవాడు, తనకి తెలియకుండానే, శాస్త్రం గురించి ఒక మాట అంటున్నాడు.

ఆ చట్టం వచ్చిన ఎనిమిది నెలలకి, 1989 జనవరిలో, అదే సీరియల్‌లో కోలిన్, గీడో అనే ఇంకొకతను పెదవుల మీద ముద్దు పెట్టుకున్నారు. కోటిన్నర మందికి పైగా చూశారు. ఆ సంవత్సరమే కాష్‌మన్, నటుడు ఇయన్ మెకెల్లెన్ ఇంకొంతమందితో కలిసి స్టోన్‌వాల్ అనే సంస్థ పెట్టారు, ఆ చట్టంతో పోరాడటానికి. ఆ చట్టం పోవడానికి స్కాట్లండులో 2000 దాకా, ఇంగ్లండు, వేల్స్‌లలో 2003 దాకా పట్టింది. పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలో బడికెళ్లిన పిల్లలకి మాస్టారు నోరు విప్పి ఏమీ చెప్పలేకపోయారు. సీరియల్ ఒక్కటే చెప్పింది.

1994 జనవరిలో బ్రూక్‌సైడ్ అనే ఇంకో సీరియల్‌లో బెత్, మార్గరెట్ అనే ఇద్దరు అమ్మాయిలు ముద్దు పెట్టుకున్నారు. పిల్లలు టీవీ చూసే వేళలో ఇద్దరు ఆడవాళ్ల ముద్దు బ్రిటిష్ టీవీలో రావడం అదే మొదలు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2012 లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో, ప్రపంచమంతా చూస్తుండగా ఆ దృశ్యం కూడా తెర మీద వేశారు. ఆ ఒలింపిక్స్ రాత్రి నేను ఏడ్చాను. ఎందుకంటే ఆ 1994 వారంలోనే మా సీనియర్‌గారు నన్ను బస్‌స్టాపులో అడిగారు, “నిన్న సీరియల్ చూశారా?” అని. చూశానన్నాను. “ఏమనుకున్నారు?” అన్నారు. బాగుందన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, “నేనూ ఒకాయనా 22 ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. తోట ఆయనది. నేను నీళ్లు పోస్తానంతే” అన్నారు.

ఇరవై రెండేళ్ల కాపురం అండీ. నేను ఏళ్ల తరబడి ఆయన పక్క కుర్చీలో కూర్చుని పనిచేశాను, ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన చెప్పడానికి ఒక సీరియల్ సాకు కావాల్సి వచ్చింది.

సీరియల్‌కి ఆ బలం ఎక్కడిది? సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది. మంచి పాత్ర అయితే చప్పట్లు కొట్టి ఇంటికొస్తాం. సీరియల్ అలా కాదు. వారం వారం, ఏళ్ల తరబడి మన ఇంట్లోకి వస్తుంది. మనం కూర తరుగుతుంటే వస్తుంది, పిల్లలకి అన్నం పెడుతుంటే వస్తుంది. ఆ మనిషి గే అని తెలియకముందే అతనికి జలుబు చేయడం చూశాం, ఉద్యోగం పోవడం చూశాం, పక్కింటి ముసలావిడకి సరుకులు తెచ్చివ్వడం చూశాం. తెలిసేసరికి అతను మనకి పరిచయస్తుడు. పరిచయమైన మనిషిని అసహ్యించుకోవడం కష్టం. లెక్క చెప్తాను. బ్రిటన్‌లో ఏటేటా జరిగే సామాజిక వైఖరుల సర్వేలో, 1987లో 64 శాతం మంది ఇలాంటి సంబంధం “ఎప్పుడైనా తప్పే” అన్నారు. 2012లో ఆ మాట అన్నవాళ్లు 22 శాతం. అదంతా సీరియళ్ల ఘనతేనని నేను అనను. ఎయిడ్స్ రోజుల్లో స్నేహితుల్ని ఆసుపత్రుల్లో చూసుకున్నవాళ్లున్నారు, వీధుల్లో నడిచినవాళ్లున్నారు, భయపడుతూనే ఇంట్లో చెప్పినవాళ్లున్నారు. వాళ్లది పెద్ద చెయ్యి.

సీరియళ్ల తప్పులు కూడా ఒప్పుకోవాలి. కరోనేషన్ స్ట్రీట్ అనే సీరియల్ 1960లో మొదలైంది. దాన్ని సృష్టించిన టోనీ వారెన్ స్వయంగా గే. అయినా ఆ వీధిలో మొదటి గే పాత్ర కనపడటానికి 2003 దాకా, అంటే 43 ఏళ్లు పట్టింది. ఇక ఎక్కడ చూసినా ఊరికి ఒక్కడే గే, వాడికి కష్టాలు తప్ప ఇంకేమీ ఉండవు. కోలిన్‌కీ చివరికి జబ్బు చేసింది, పేట వదిలి వెళ్లిపోయాడు. సంతోషంగా ముసలివాళ్లయ్యే జంట ఎప్పుడొస్తుందా అని నేను చాలా కాలం ఎదురుచూశాను.

ఇప్పుడు మా అత్తయ్యగారి సంగతి.

2009 చివర్లో ఆవిడ ఆరు నెలలకని మా దగ్గరికి వచ్చారు. అప్పటికి 78 ఏళ్లు. ఇంగ్లీషు రాదు. చలికి బయటికి కదల్లేరు. సాయంత్రం నాతోపాటు టీవీ ముందు కూర్చునేవారు. ఈస్ట్‌ఎండర్స్ అప్పటికి వారానికి నాలుగు రోజులు వచ్చేది. అందులో మసూద్ అని ఒక పాకిస్తానీ ముస్లిం కుటుంబం. తల్లి జైనబ్, పెద్ద నోరు, పెద్ద మనసు, పరువంటే ప్రాణం. కొడుకు సయ్యద్. అందగాడు, నమాజు తప్పనివాడు. అతనికి అమీరా అనే అమ్మాయితో పెళ్లి కుదిర్చారు. కానీ అతని మనసు క్రిస్టియన్ అనే అతని మీద ఉంది. అల్లా ముందు ఏడుస్తాడు, అమ్మ ముందు నవ్వుతాడు. అత్తయ్యగారికి ఆ తల్లీకొడుకుల్ని చూస్తే మన ఇల్లే. ఆ నగలు, ఆ వంటలు, ఆ “నలుగురూ ఏమనుకుంటారు”. భాష రాకపోయినా ఆవిడకి ఏదీ అనువదించాల్సిన అవసరం రాలేదు.

2010 కొత్త సంవత్సరం రోజున ఆ పెళ్లి చూపించారు. అత్తయ్యగారు రెప్ప వేయకుండా చూశారు. చూసి, “అమ్మాయ్, ఆ పిల్లాడు చిక్కిపోతున్నాడు. ఆ తల్లికి ఎవరైనా చెప్పండర్రా” అన్నారు. “ఏమని చెప్పాలి అత్తయ్యా?” అన్నాను. “వాడికి ఆ పిల్ల మీద మనసు లేదని. ఆ పిల్ల గొంతెందుకు కోయడం?” అన్నారు.

మీలో తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి నేను ఇక్కడ కొంచెం ఆగుతాను. మన దగ్గర మగపిల్లాడు అమ్మాయిల వైపు చూడకపోతే ఇచ్చే మందు ఏమిటి? పెళ్లి. “ఒక ముడి వేసేస్తే అన్నీ సర్దుకుంటాయి.” ఎన్ని ఇళ్లలో విన్నాం ఈ మాట? సర్దుకునేది ఎవరు? ఆ వచ్చిన అమ్మాయి సర్దుకోవాలి. ఆమె కట్నం తెచ్చి, ఇంటిపేరు మార్చుకుని, నాలో లోపమేమిటా అని అద్దం ముందు నిలబడుతుంది. నెల తర్వాత అత్తగారే అడుగుతుంది, “ఏమైనా విశేషమా?” అని. సంవత్సరం తర్వాత గుళ్ల చుట్టూ, ఆసుపత్రుల చుట్టూ తిప్పుతారు. నిజం ఆ అబ్బాయికి తెలుసు, ఒక్కోసారి తల్లికీ తెలుసు, తెలియనిది ఆ అమ్మాయికే. సయ్యద్ కథ చూస్తే నాకు సయ్యద్ కన్నా అమీరా కోసం ఎక్కువ గుండె పిండేసినట్టయింది. గే పిల్లల విషయం “వాళ్ల సొంత విషయం, మనకెందుకు” అనేవాళ్లు ఈ అమ్మాయిల్ని లెక్కలో వేసుకోరు. ఇది మన ఆడపిల్లల విషయం కూడా, అమ్మా.

మరి అది పుట్టుకతో వచ్చేదా, పెళ్లితో పోయేదా?

నేను ల్యాబ్ మనిషిని. రుజువైన దాన్నే రుజువైందంటాను. జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇందులో అటువాళ్లూ ఇటువాళ్లూ కూడా తొందరపడతారు. “పుట్టుకతో” అన్నప్పుడు మనం మూడు వేరు వేరు ప్రశ్నల్ని కలిపేస్తాం. జన్యువుల్లో రాసి ఉందా? తల్లి కడుపులో ఉండగానే తయారైందా? ఆ మనిషి కావాలని ఎంచుకున్నాడా? మూడూ ఒకటి కావు.

ఎడమచేతి వాటం తీసుకోండి. పుర్రచెయ్యి అంటాం. ఒకే పోలిక కవలల్లో కూడా ఒకరిది కుడి, ఒకరిది ఎడమ కావచ్చు. అంటే జన్యువులొక్కటే కాదు. కానీ ఎవరైనా ఎడమచేతిని ఎంచుకున్నారా? మా చిన్నప్పుడు ఎడమచేత్తో రాస్తే చెయ్యి మీద స్కేలుతో కొట్టేవారు. దెబ్బలకి కుడిచేత్తో రాయడం వచ్చేది. వాటం పోయేది కాదు. బంతి విసిరితే మళ్లీ ఎడమ చెయ్యే లేచేది.

1991లో బెయిలీ, పిలార్డ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కవలల్ని చూశారు. అన్నదమ్ముల్లో ఒకరు గే అయినప్పుడు, ఒకే పోలిక కవలలైతే రెండోవాడూ గే కావడం 52 శాతం. వేరు పోలిక కవలలైతే 22 శాతం. దత్తత వచ్చిన సోదరుడైతే 11 శాతం. ఇంకేం, జన్యువులే అన్నారు. కానీ ఆ మనుషులు గే పత్రికల్లో ప్రకటన చూసి వచ్చినవాళ్లు. 2000లో ఆస్ట్రేలియా కవలల రిజిస్టరు నుంచి తీసుకుని మళ్లీ చూస్తే ఆ 52 కాస్తా 20కి దగ్గరగా వచ్చింది. 1993లో డీన్ హామర్ బృందం గే అన్నదమ్ముల 40 జంటల్ని చూసి, 33 జంటల్లో ఎక్స్ క్రోమోజోము కొసన ఒకే గుర్తులు కనపడ్డాయంది. “గే జీన్ దొరికింది” అని పేపర్లు రాశాయి. ఇంకొకళ్లు 1999లో చూస్తే అది కనపడలేదు. చివరికి 2019లో దాదాపు 4 లక్షల 70 వేల మంది జన్యువుల్ని కలిపి పరిశీలించారు. గే జీన్ అనేది ఒకటి లేదని తేలింది. చాలా జన్యువులున్నాయి, ఒక్కొక్కదాని ప్రభావం ఆవగింజంత. అన్నీ కలిపినా మనుషుల మధ్య తేడాలో 8 నుంచి 25 శాతం దాకా వివరిస్తాయి. ఒక బిడ్డ రక్తం తీసి ఈ పిల్లాడు గే అవుతాడని ఎవరూ చెప్పలేరు. ఎవరైనా చెప్తామంటే డబ్బు ఇవ్వకండి.

“అయితే జన్యువులు కాకపోతే పెంపకమేగా?” అంటారు. కాదు. ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన పరిశోధన ఉంది. రే బ్లాన్‌చార్డ్, ఆంథొనీ బోగార్ట్ అనే కెనడా శాస్త్రవేత్తలు 1996లో గమనించారు. ఒక మగవాడికి ముందు పుట్టిన అన్న ఒక్కొక్కరు ఉన్నకొద్దీ, అతను గే అయ్యే అవకాశం మూడో వంతు చొప్పున పెరుగుతుంది. భయపడకండి, వందలో రెండు అనుకుంటే ఒక అన్న ఉంటే రెండున్నర దాటుతుంది, అంతే. అక్కలుంటే పెరగదు. మరి ఆ అన్నలతో కలిసి పెరగడం వల్లనా? 2006లో బోగార్ట్ అది కూడా చూశారు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నలైతే, వాళ్లు వేరే ఊళ్లో పెరిగినా ఆ ప్రభావం ఉంది. పెంపుడు అన్నలు, మారుటి అన్నలు అయితే ఒకే ఇంట్లో పెరిగినా లేదు. అంటే విషయం ఇంట్లో లేదు, కడుపులో ఉంది. మగబిడ్డ మెదడులో ఉండే ఒక ప్రొటీన్‌కి తల్లి శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుందేమోనని 2018లో ఆ బృందమే కొంత ఆధారం చూపించింది. రక్తపరీక్షలు చేసినదాన్ని కదా, నాకు అది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇది గే మగవాళ్లందరికీ వర్తించదు, ఆడవాళ్ల విషయం చెప్పదు. కానీ “నా పెంపకంలో ఏం తప్పు జరిగింది?” అని రాత్రిళ్లు ఏడ్చే తల్లికి చెప్పడానికి ఇది చాలు. నువ్వేం తప్పు చేయలేదమ్మా. ముద్దు చేసినందువల్ల కాలేదు, తండ్రి దుబాయ్‌లో ఉన్నందువల్ల కాలేదు, అక్క గౌను తొడిగి ఫొటో తీసినందువల్ల కాలేదు.

సీరియల్ చూసినందువల్ల కూడా కాలేదు. మా సీనియర్‌గారు పుట్టి పెరిగిన కాలంలో ఆయన చూసిన ప్రతి కథలోనూ అబ్బాయి అమ్మాయినే ప్రేమించాడు. చూసి నేర్చుకునేదైతే ఆయనా నేర్చుకోవాలి కదా?

ఇక్కడిదాకా చెప్పి ఆపేయొచ్చు. పుట్టుకతోనే వస్తుంది, కాబట్టి క్షమించండి, అని. చాలామంది అక్కడే ఆపుతారు. నేను ఆపను. ఎందుకో చెప్తాను.

పుట్టుకతో వచ్చిందని రుజువైతే మనుషులు గౌరవిస్తారా? ఈ మాట మనం, ఈ నేల మీద పుట్టినవాళ్లం, నమ్మగలమా? కులం పుట్టుకతో వస్తుందనేగా మన పెద్దలు చెప్పింది. ఎవరూ ఎంచుకోలేదు. పుట్టుకతో వచ్చింది కదా పాపం అని ఎవరైనా వేరే గ్లాసు తీసేశారా? బావిలో నీళ్లు తోడుకోనిచ్చారా? పుట్టుకతో వచ్చిందన్నదాన్నే ఆధారం చేసుకుని దూరం పెట్టారు. చర్మం రంగూ అంతే. కనుక పుట్టుక అన్న మాట ఎవరికీ కవచం కాదు. ఒక్కోసారి అదే ప్రమాదం. లోపల ఏదో ఉందంటే దాన్ని సరిచేద్దాం అంటారు. లెక్కల మేధావి అలన్ ట్యూరింగ్‌కి గే అయినందుకు 1952లో కోర్టు శిక్ష వేసి, జైలుకి బదులు హార్మోన్లు ఎక్కించుకోమంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో గే మగవాళ్లకి మాన్పిస్తామని కరెంటు షాకులు ఇచ్చిన రోజులున్నాయి.

ఇంకోవైపు చూడండి. మతం జన్యువుల్లో రాదు. మార్చుకోవచ్చు కూడా. అయినా మన రాజ్యాంగం 25వ అధికరణంలో దాన్ని కాపాడుతుంది. పుట్టుకతో వచ్చిందని రుజువు తెమ్మని ఏ భక్తుణ్ణీ అడగదు. మరి ప్రేమించే మనిషిని మాత్రం ముందు నీ రక్తపరీక్ష చూపించు అని ఎందుకు అడుగుతున్నాం? రేపు ఇంకో పరిశోధన వచ్చి అంకెలు మారితే, ఆ 22 ఏళ్ల కాపురం విలువ మారిపోతుందా?

మన దేశంలో ఈ విషయం ఎక్కడిదాకా వచ్చిందో త్వరగా చెప్తాను, మీకు తెలిసిందే. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 377వ సెక్షన్ నుంచి వీళ్లని బయటికి తీసింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య జరిగేది నేరం కాదంది. 2023 అక్టోబరులో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. నాకు వీటన్నిటికన్నా దగ్గరగా అనిపించేది 2021 నాటి మద్రాసు హైకోర్టు కేసు. ఇద్దరు అమ్మాయిలు ఇంట్లోంచి వచ్చేసి రక్షణ అడిగారు. న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ ఏం చేశారో తెలుసా? నాకే ఈ విషయం సరిగ్గా అర్థం కావట్లేదని చెప్పి, తీర్పు రాసేముందు తనే ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నారు. ఆ తర్వాత, మాన్పిస్తామనే వైద్యాల్ని ఆపమన్నారు. మరుసటి సంవత్సరం జాతీయ వైద్య కమిషన్ అలాంటి చికిత్స చేయడం డాక్టరు వృత్తికి తగని ప్రవర్తన కిందికి వస్తుందని చెప్పింది. మీ ఊళ్లో ఎవరైనా మందిస్తాం, మార్చేస్తాం అంటే, ఈ మాట గుర్తుపెట్టుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల జాబితాలోంచి 1990 మే 17నే తీసేసింది.

ఇక మన సీరియళ్లు. ఇక్కడ సీరియళ్లకి రాసేవాళ్లు ఇద్దరు వచ్చారని నిర్వాహకులు చెప్పారు. నాకు మీతో పని ఉంది బాబూ. హిందీలో 2010లోనే స్టార్ ప్లస్ సీరియల్ ఒకటి, మర్యాదా అని, హర్యానా కుటుంబంలో గౌరవ్ అనే గే కొడుకు కథ పెట్టింది. పెళ్లయిన కొడుకు. మళ్లీ అదే ముడి. తెలుగులో నేను చూసినంతలో నాకు అలాంటి మనిషి తారసపడలేదు. మన సినిమాల్లో తారసపడ్డాడు, నడుము తిప్పుకుంటూ. వాడు రాగానే అందరూ నవ్వాలి. “తేడా” అనే ఒక్క మాటతో ఎంతమంది పిల్లల నోరు మూయించామో మనకి తెలియదు. పేపర్లలో “స్వలింగ సంపర్కులు” అని రాస్తారు. నాకు ఆ మాట నచ్చదు. భార్యాభర్తల్ని మనం వాళ్ల పడకగది పేరుతో పిలవం కదా. గే అనండి, లెస్బియన్ అనండి. లేదా ఆ అబ్బాయి ఇష్టపడే అతను, ఆ అమ్మాయి స్నేహితురాలు అనండి. మాటల కొరత లేదు మనకి.

రాసేవాళ్లని నేను అడిగేది ఇంతే. ఒక్కణ్ణి రాయండి. వాణ్ణి చంపకండి, నవ్వులపాలు చేయకండి, దేవుణ్ణీ చేయకండి. వాడికి ఒక బ్యాంకు ఉద్యోగం ఇవ్వండి, బైకు ఈఎంఐ ఇవ్వండి, చెల్లెలి పెళ్లి బాధ్యత ఇవ్వండి. ఆరు నెలలు జనం వాణ్ణి ఇంట్లో పిల్లాడిలా చూడనివ్వండి. ఆ తర్వాత ఒక రాత్రి వంటింట్లో, అమ్మ గిన్నెలు సర్దుతుంటే, వాడు చెప్పనివ్వండి. అమ్మ ఏమంటుందో తొందరపడి రాయకండి. ఆ అమ్మకి ఒక నెల ఇవ్వండి, రెండు నెలలు ఇవ్వండి. కోపం రానివ్వండి, తిండి మానేయనివ్వండి, గుడికి వెళ్లి గొడవపడనివ్వండి. సీరియల్‌కి ఉన్నదే ఆ తీరిక. మా అత్తయ్యగారిలాంటివాళ్లు ప్రతి ఊళ్లో సాయంత్రం ఏడింటికి టీవీ ముందు కూర్చుని ఉన్నారు. వాళ్లకి ఏమీ అర్థం కాదని మీరనుకోకండి.

సరే, నాకిచ్చిన సమయం దాటిపోయింది. ప్రశ్నలు ఉంటే అడగండి, చెప్తాను. అందరి ముందు అడగలేనివాళ్లు ఉంటారు, నాకు తెలుసు. నేను ఎనిమిదింటి దాకా వెనక వరండాలో, మెట్ల దగ్గర కూర్చుంటాను. ఒక్కరే రండి, ఇద్దరు రండి, అమ్మని తీసుకుని రండి. ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చుని వెళ్లినా ఫర్వాలేదు.